గోదావరి గట్టున దాహం

జుబైదా ఖాలా పోయిందని ఆమె కూతురు షాజియా పోయిన నెల ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను ఫహాహీల్ చేపల బజారు నుంచి ఇంటికి నడుస్తున్నాను. చేతిలో సంచీ పట్టుకునే సముద్రం పక్కనున్న పిట్టగోడ మీద కూలబడ్డాను. షాజియా ఏడవలేదు. "అమ్మ ఆఖరిదాకా మా మాటే మాట్లాడింది. ఆస్పత్రిలో డాక్టర్ ఉర్దూలో అడిగితే సరాయికీలో జవాబు చెప్పింది. నాకు అర్థం కావడంలేదమ్మా అన్నాడాయన. బహావల్‌పూర్‌లో ఉద్యోగం చేస్తున్నావు కదా, నేర్చుకో అంది" అని చెప్పి నవ్వేసింది. నాకూ నవ్వొచ్చింది. ఇద్దరం అలా నవ్వుతూ ఉండగానే ఎవరిది ముందు ఆగిపోయిందో తెలియదు.

నా చిన్నతనం గురించి రాయమని ఇంతకుముందు చాలామంది అడిగారు. వాళ్ళకి కావలసింది నా చిన్నతనం కాదు, కోనసీమ. కొబ్బరితోటలు, లంకలు, పడవలు, వరదగోదారి. మా అమ్మానాన్నలది కోనసీమే, కాదనను. రెండేళ్ళకోసారి వేసవి సెలవల్లో వెళ్ళి నెలరోజులు ఉండి వచ్చిన ఊరు నాది ఎలా అవుతుంది? నేను పెరిగింది కువైట్‌లో, ఫహాహీల్‌లో ఒక పాత భవనం నాలుగో అంతస్తులో. నాకు నేలంటే ఏమిటో, ఒక మనిషి తన నేలని మాటల్లో ఎలా పెట్టుకుంటుందో నేర్పింది మా ఎదురింటి పాకిస్తానీ ఆవిడ, జుబైదా ఖాలా, అంటే జుబైదా పిన్ని. ఇది కొందరికి నచ్చదు. నచ్చకపోయినా జరిగింది ఇదే.

మా నాన్న నూనె బావుల దగ్గర ఒక కాంట్రాక్టు కంపెనీలో ఫిట్టరు. ఖాలా భర్త అదే కంపెనీలో క్రేను నడిపేవాడు. సాయంత్రం ఇద్దరూ కలిసే మెట్లెక్కి వచ్చేవాళ్ళు. వాళ్ళకంటే ముందు వాళ్ళ బట్టల నూనె వాసన వచ్చేది. ఇరాక్ కువైట్‌ని ఆక్రమించిన యుద్ధం అయిపోయి కొన్నేళ్ళే అయింది, భవనం మెట్లగోడల మీద ఇంకా పెచ్చులూడిన చోట్లు ఉండేవి. కిటికీ ఎంత బిగించి వేసినా పొద్దున్నే గట్టు మీద సన్నటి ఇసుక పేరుకునేది. మా అమ్మ దాన్ని తడిగుడ్డతో తుడుస్తూ, "ఏవిటో ఈ ఇసక, ఎంత తుడిచినా అస్తమానూ వస్తానే ఉంటది. మా ఊళ్ళో అయితే ఈ పాటికి నాలుగు ఇళ్ళు కడిగేద్దును" అని గొణుక్కునేది. ఎదురింట్లో ఖాలా తుడిచేముందు ఆ ఇసుకని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసేది. ఇది సముద్రం వైపుది, ఇది లోపలి ఎడారిది అని చెప్పేది. నిజంగా తెలిసేదో, నన్ను ఆటపట్టించేదో నాకు ఇప్పటికీ తెలియదు.

మా ఇంట్లో శుక్రవారం చేపల పులుసు. ఇక్కడ దొరికే జుబైది అనే తెల్లచేపని అమ్మ చింతపండు పోసి, మా ఊరి నుంచి తెచ్చుకున్న మట్టిదాకలో వండేది. ఖాలా పేరు జుబైదా కాబట్టి ఆవిడకి ఆ చేప పేరు పెట్టారని నేను చాలాకాలం నమ్మాను. ఒకరోజు ఆవిడతోనే అన్నాను. "మా ఊళ్ళో చేపని చూసినవాళ్ళే లేరు ధీ, నాకు దాని పేరెవరు పెడతారు?" అంది. ధీ అంటే కూతురు. నన్ను అలాగే పిలిచేది. వాళ్ళింట్లో సజ్జరొట్టె, నెయ్యి, మేకమాంసం వాసనలు. ఒకసారి మా ఊరి నుంచి వచ్చినవాళ్ళెవరో మునగకాయలతో పాటు ఇంత మునగపువ్వు పొట్లం కట్టి తెచ్చారు. అమ్మ సగం ఎదురింటికి పంపింది. ఖాలా ఆ పొట్లం విప్పి, పువ్వుని ముక్కు దగ్గర పెట్టుకుని, తలుపు దగ్గరే నిలబడిపోయింది. వాళ్ళ దగ్గరా ఇది వండుతారట. మూడుసార్లు ఉడికించి, నీళ్ళు పిండి, పెరుగు వేసి వండి గిన్నెడు మాకు పంపించింది. అమ్మ రుచి చూసి, "ఇన్నిసార్లు పిండేత్తే ఇంకేం మిగులుద్దమ్మా అందులో" అంది కానీ గిన్నె ఖాళీ చేసింది.

బడినుంచి వచ్చాక, ఎండ తగ్గేదాకా, నేనూ షాజియా ఖాలా గదిలో చేరేవాళ్ళం. నేలమీద ఒంటె ఊలుతో నేసిన రంగుల తివాచీ ఉండేది. దానిమీద ఖాలా కూర్చుని షాజియా బడి నోటు పుస్తకాల్లో మిగిలిపోయిన కాగితాల మీద నీలం పెన్నుతో రాసుకునేది. ఆవిడ కథలు రాస్తుందని మా అమ్మకి ఏడాదిదాకా తెలియదు, ఊరికి ఉత్తరాలనుకుంది. బహావల్‌పూర్‌కి అవతల పెద్ద ఎడారి ఉంది, దాన్ని వాళ్ళు రోహి అంటారు. ఖాలా అక్కడే పుట్టింది. ఆవిడ తమ్ముడు సెలవుకి వెళ్ళివచ్చేవాళ్ళ చేత సరాయికీ కథల పుస్తకాలు పంపేవాడు. పల్చటి కాగితం, చోట్లచోట్ల అచ్చు సరిగ్గా పడని అక్షరాలు. వాటిని పైకి చదివి, నాకు అర్థం కానివి హిందీలో చెప్పేది. రెండేళ్ళు తిరిగేసరికి హిందీ అక్కర్లేకుండా పోయింది. కొన్ని అక్షరాలు మాత్రం నాకు నోరు తిరగలేదు. గాలిని బయటికి వదలకుండా లోపలికి మింగుతూ పలకాలి. షాజియా నా గొంతు పట్టుకుని, "మింగు, మింగు" అనేది.

ఆ కథల్లో నేల ఊరికే వెనకాల పరిచిన బొమ్మ కాదు. నేలే మనుషుల చేత పనులు చేయిస్తుంది. వాన పడితే ఊరు ఉంటుంది, పడకపోతే ఊరు లేచి నడుస్తుంది. పెళ్ళి ఎప్పుడు జరగాలో, ఎవరు ఎవరిని మళ్ళీ చూస్తారో నీళ్ళే చెబుతాయి. ఏటి పక్కవాళ్ళ కథల్లో సింధు నది దారి మార్చుకుంటే పొలం ఒక ఒడ్డున, ఇల్లు ఒక ఒడ్డున పడుతుంది. రోహివాళ్ళ కథల్లో ఆడవాళ్ళు వేసవి మొదట్లో జాల్ చెట్ల కింద చేరి చిన్న చిన్న తీపి పళ్ళు ఏరుకుంటారు. ఆ పళ్ళు ఏరే చోటే సంబంధాలు కుదురుతాయి, తగవులు తేలుతాయి. ఇదంతా కలిపి ఒకే మాట ఉంది వాళ్ళకి, వసేబ్. చోటు, ఆ చోటి మనుషులు, వాళ్ళ మర్యాద, వాళ్ళ తిండి, వాళ్ళ పాట, అన్నీ అందులోనే. తెలుగులో దానికి ఏమంటారని ఖాలా అడిగింది. అమ్మని అడిగాను. అమ్మ చాలాసేపు ఆలోచించి, "మా వైపు, అంటామే" అంది. అది కూడా బాగానే ఉందని ఖాలా ఒప్పుకుంది.

ఆవిడ రాసిన కథల్లో నాకు ప్రాణమైనది వాళ్ళమ్మ సకీనా కథ. రోహిలో వాననీళ్ళు నిలవడానికి గట్టినేలలో పెద్ద గుంత తవ్వుకుంటారు. దాన్ని టోభా అంటారు. మనుషులూ పశువులూ ఆ నీళ్ళే తాగాలి. ఒక ఏడు టోభా అడుగంటింది. ఊరంతా మూటలు కట్టుకుని కాలవల వైపు వెళ్ళిపోయింది. సకీనా ఒంటె ఈనడానికి సిద్ధంగా ఉండి కదల్లేకపోయింది. ఆ ఒంటె కోసం సకీనా, నడవలేని ఒక ముసలావిడా ఆగిపోయారు. పదకొండు రోజులు. అడుగున ఉన్న కాసిని నీళ్ళు రోజూ ఒంటెకి ముందు, ముసలావిడకి తర్వాత, మిగిలితే తనకి. ఒంటె ఈనింది. భర్త తోలుతిత్తుల్లో నీళ్ళతో వచ్చాడు. బయల్దేరే పొద్దున సకీనా పార తీసుకుని ఎండిన టోభాలో దిగి, అడుగున పేరుకున్న బురదమట్టంతా తవ్వి గట్టున పోసింది. మళ్ళీ వాన పడితే నీళ్ళు ఎక్కువ నిలవాలని. కథ అక్కడ అయిపోతుంది.

పదిహేడో ఏట నేను తెలుగులో మొదటి కథ రాశాను. ఫహాహీల్‌లో ఒక తెలుగు పిల్లకి ఎదురింటి ఆవిడ ఈ సకీనా కథ చెప్పడం, అది విన్నాక ఆ పిల్ల వాళ్ళమ్మని కొత్తగా చూడడం, అదీ కథ. ఖాలా పేరు, రోహి పేరు, టోభా అన్నీ అలాగే పెట్టి ఒక వారపత్రికకి పంపాను. రెండు నెలలకి సంపాదకుడి ఉత్తరం వచ్చింది. అమ్మాయీ, నీకు రాసే చెయ్యి ఉంది, కానీ ఇందులో మన నేల వాసన లేదు, ఈ ఎడారులూ ఒంటెలూ మన పాఠకులకి పట్టవు, మీది కోనసీమ అంటున్నావు కనక గోదావరి నేపథ్యంలోకి మార్చి పంపు, వెంటనే వేస్తాను అని. నాన్న ఆ ఉత్తరాన్ని కంపెనీకి పట్టుకెళ్ళి అందరికీ చూపించాడు. నాకు అచ్చులో పేరు చూసుకోవాలని ఒళ్ళంతా ఆత్రం. మూడు సాయంత్రాల్లో మార్చేశాను. సకీనా సూరమ్మత్త అయింది. ఒంటె ఆవయింది. రోహి గోదావరి గట్టయింది. కథ పడింది. అమ్మ బూరెలు వండి భవనమంతా పంచింది.

ఖాలా ఆ పత్రిక పట్టుకుని నా పేరెక్కడుందో చూపించమంది. దాన్ని వేలితో తడిమి చూసింది. తర్వాత, "చదువు" అంది. నేను ఒక్కొక్క వాక్యం తెలుగులో చదివి సరాయికీలో చెబుతూ వచ్చాను. సగంలో ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"గోదావరి అంటే మీ పెద్ద నది కదా?"

"అవును ఖాలా."

"ఎండిపోయిందా?"

"లేదు."

"మరి ఆ ఆవుకి నీళ్ళెందుకు లేవు?"

నేను పత్రిక మూసేశాను. షాజియా గోరు కొరుక్కుంటూ తివాచీ వైపు చూస్తోంది. ఖాలా కోప్పడలేదు, గొంతు పెంచలేదు. "నీళ్ళున్న చోట మా అమ్మని దాహంతో నిలబెట్టావు ధీ" అంది. లేచి వెళ్ళి టీ పెట్టుకొచ్చింది. నాకు ఎప్పటిలాగే రెండు చెంచాల చక్కెర వేసింది.

తర్వాత వారం శుక్రవారం మధ్యాహ్నం మిర్కాబ్‌లో ఒక హాల్లో పాకిస్తానీ కుటుంబాల సాహిత్య సభ ఉంది. ఖాలా భర్తకి ఆ రోజు డ్యూటీ పడింది. షాజియాకి జ్వరం. తోడుకి నన్ను పంపమని ఖాలా మా అమ్మని అడిగింది. నాతో మాట్లాడడం మానేస్తుందేమోనని బెంగపడుతున్న నాకు ఆ పిలుపు కొండంత ధైర్యమైంది. సముద్రం పక్క రోడ్డంతా బస్సులో కూర్చుని ఆవిడ పెదాలు కదుపుతూ కాగితాలు చూసుకుంటూనే ఉంది. హాల్లో నలభైమంది దాకా ఉన్నారు. అందరూ ఉర్దూలో చదివారు. ఖాలా వంతు వచ్చి రెండు వాక్యాలు చదవగానే సభాధ్యక్షుడు, తెల్లటి జుబ్బా వేసుకున్న పెద్దమనిషి, సౌమ్యంగానే అడ్డుపడ్డాడు.

"బీబీ, ఇది ఇంట్లో మాట్లాడుకునే యాస. వినడానికి ముద్దుగానే ఉంటుంది. కథ అంటే మాత్రం ఉర్దూలో ఉండాలి. ఈ టోభాలూ జాల్ చెట్లూ ఇక్కడ ఎవరికి తెలుసు?"

కొందరు నవ్వారు. ఖాలా కాగితం దించలేదు. "సాహెబ్, మా అమ్మ ఒంటెలు చచ్చిపోతే ఈ మాటలోనే ఏడ్చింది. బిడ్డ చచ్చిపోయినా ఈ మాటలోనే ఏడ్చింది. మీకు తెలియదని ఆవిడని ఇప్పుడు ఇంకో మాటలో ఏడవమంటారా? టోభా ఎవరికీ తెలియకపోతే తెలియడానికేగా నేను చదువుతున్నాను. తెలిసినవాళ్ళకి నా కథెందుకు?"

ఆయన గడియారం చూసుకున్నాడు. ఖాలా చదివింది. ఒక్క పేజీ కూడా వదల్లేదు. వెనక వరసలవాళ్ళు టీ బల్ల దగ్గరికి లేచి వెళ్ళారు. కప్పుల చప్పుడు, పిల్లల గోల. ఒంటె ఈనే చోట ఒకాయన ఫోన్ మాట్లాడుకోవడానికి తలుపు ధడాలున తీసి వెళ్ళాడు. ఆవిడ గొంతు తగ్గలేదు, వేగం పెరగలేదు. చివరి వాక్యం అయ్యాక చప్పట్లు కొట్టింది నేనొక్కదాన్నే. కొట్టడం ఆపాలనిపించలేదు, అందరూ తిరిగి చూసేదాకా కొట్టాను.

తిరుగు బస్సులో అడిగాను, భయం వెయ్యలేదా అని.

"ఎందుకు వెయ్యలేదు? కాళ్ళు చూడు, ఇంకా వణుకుతున్నాయి" అంది. "చదవడానికి కాళ్ళతో ఏం పని? నోరుంటే చాలు."

ఆ రాత్రికి కాదు, మర్నాటికీ కాదు, ఒక వారం పట్టింది నాకు. మొదటి ప్రతి తీసి శుభ్రంగా తిరగరాసి అదే సంపాదకుడికి పంపాను. మీరు వేసిన కథ తప్పు, గోదావరి గట్టున ఎవరూ నీళ్ళు లేక పదకొండు రోజులు కూర్చోరు, నేను చూడని నేలని చూసినట్టు రాసినందుకు సిగ్గుపడుతున్నాను, ఇది అసలు కథ, వేస్తే ఇలాగే వెయ్యండి అని రాశాను. జవాబు రాలేదు. ఇంకో నాలుగు పత్రికలు తిప్పి పంపాయి. నాన్న బాధపడ్డాడు. "ఒక్క మాట మార్చితే ఏం పోతాదే, పెద్దాళ్ళు చెప్తున్నారు గదా" అన్నాడు. అమ్మ ఆయనకి అన్నం వడ్డిస్తూ, "ఏం మార్చక్కర్లేదండి. ఆవిడ మనకి పెట్టిన కూర మన కూరని చెప్పుకుంటే బాగుంటదా?" అంది. మా అమ్మ నా కథలు చదివిన మనిషి కాదు. ఆ ఇంట్లో నాకు దొరికిన మొదటి విమర్శకురాలు ఆవిడే అని ఇప్పుడు తెలుస్తోంది. కొన్నేళ్ళకి ఒక చిన్న పత్రిక ఆ కథని అక్షరం మార్చకుండా వేసింది. అప్పటికి ఖాలా వాళ్ళు కువైట్‌లో లేరు. కంపెనీ పని ఖలాస్ అంది, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం రద్దయింది, నెలలోపల ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. పత్రిక పోస్టులో పంపితే చేరిందని చాలాకాలానికి షాజియా చెప్పేదాకా తెలియలేదు.

ఆ భవనం ఇప్పుడు లేదు, అక్కడ అద్దాల దుకాణాలు వచ్చాయి. నేను అదే ఫహాహీల్‌లో బడిపంతులమ్మని. నా దగ్గర చదివే తెలుగు పిల్లల్ని మీది ఏ ఊరని అడిగితే తాతల ఊరు చెబుతారు, దాని గురించి రెండో వాక్యం అడిగితే బిక్కమొహం వేస్తారు. ఇంటి ముందు రోడ్డు గురించి, బడి బస్సు గురించి, ఇసుకగాలి గురించి రాయమంటే నాలుగు పేజీలు రాస్తారు. అవి పట్టుకుని వాళ్ళ తల్లులు నా దగ్గరికొచ్చి, మన సంస్కృతి గురించి రాయించండి మేడమ్ అంటారు. అప్పుడు నన్ను మార్చుకోమన్నది ఒక సంపాదకుడు. ఇప్పుడు పదేళ్ళ పిల్లల్ని వాళ్ళ అమ్మలే మార్చుకోమంటున్నారు. నేను ఆ పేజీల మీద ఎర్రసిరా పెట్టను. తల్లులు ప్రిన్సిపాల్ దాకా వెళ్ళినా పెట్టను.

ఖాలా కథల రాతప్రతి ఫోటోలు షాజియా రెండేళ్ళ కిందటే పంపింది. తెలుగు చేస్తున్నాను. రెండు కథలు చూసిన ప్రచురణకర్త ఈ మధ్యే ఉత్తరం రాశాడు. టోభాని చెరువనీ, జాల్ చెట్టుని రేగుచెట్టనీ, వసేబ్‌ని పల్లె అనీ మార్చితే పుస్తకం హాయిగా చదివిస్తుందట. ఆ ఉత్తరం వచ్చిన వారమే, ఒక శుక్రవారం మధ్యాహ్నం, ఇక్కడి తెలుగువాళ్ళ సమావేశంలో సకీనా కథ చదివాను. మొదట్లోనే టోభా అంటే ఏమిటో ఒక్క మాటలో చెప్పాను, తర్వాత మళ్ళీ చెప్పలేదు. అయ్యాక సభ నడుపుతున్న రాజుగారు, భీమవరం వైపాయన, మర్యాదగా అన్నారు.

"చాలా బాగుందండి. ఆ టోభా అన్నదాన్ని చక్కగా చెరువనేస్తే మనవాళ్ళకి ఇట్టే పట్టుకునేదండి."

వెనక వరసలోంచి ఒకాయన లేచాడు. గంగారాం అట, జగిత్యాల దగ్గరి పల్లె, ఇక్కడ భవనాల పనిలో చెక్కలు బిగిస్తాడు. "పట్టుకున్నది సార్. మేడం ముందుగాలనే చెప్పింది గద, వాన నీళ్ళు ఆగే గుంత అని. మా దిక్కు కుంటలుంటయి. మా అవ్వ గూడ ఎండకాలం కుంటల పూడిక తీసింది, తట్టలు నెత్తిన వెట్టుకొని. అయితేంది, మా కుంట వేరు, ఆమె టోభా వేరు. మా కుంటను వట్టుకొని ఇంకేదో పేరు వెడ్తె మావోళ్ళు ఊకుంటరా?"

రాజుగారు నవ్వి తల ఊపారు. గంగారాం కూర్చోలేదు. "మేడం, ఒక్క ముచ్చట. ఆమె పూడిక తీసినంక వాన వడ్డదా?"

"కథలో లేదు."

"కథల కాదు, నిజంగ."

నిజంగా పడింది. నేను చిన్నప్పుడు ఇదే అడిగితే ఖాలా చెప్పింది. రెండు నెలలకి పడింది, ఆ ఏడు నీళ్ళు ఎన్నడూ లేనంత కాలం నిలిచాయి, ఊరంతా తిరిగి వచ్చింది. అదే గంగారాంతో చెప్పాను.

"మరి గది రాయలే ఎందుకు?"

"తవ్వేనాటికి మా అమ్మకి వాన సంగతి తెలియదు, నేనెందుకు ముందుగా చెప్పాలి అంది ఖాలా."

ఆయన "కరెక్టే" అని కూర్చున్నాడు.

ఇంటికి వచ్చి బట్టలు కూడా మార్చుకోకుండా ప్రచురణకర్తకి జవాబు రాశాను. ఏ మాటా మారదు. పుస్తకం మీద రచయిత్రి పేరు ముందు సరాయికీ అక్షరాల్లో, దాని కింద తెలుగులో ఉండాలి. వసేబ్ అన్న మాటకి వెనక అర్థాల పట్టిక కూడా అక్కర్లేదు, పుస్తకం అయ్యేసరికి అదే తెలుస్తుంది. ఇష్టం లేకపోతే రాతప్రతి తిప్పి పంపండి, నేనే వేసుకుంటాను. ఇది రాయడానికి పదిహేడో ఏట వారం పట్టింది, ఈసారి పావుగంట పట్టలేదు. ఆయన దగ్గరనుంచి ఇంకా ఏమీ రాలేదు. నేను మూడో కథ మొదలుపెట్టాను.